కాన్పుకొక్క యాళ్ళ

అన్యాయం జరిగింది ఎవరికి? మా అమ్మ జములమ్మకు. ఎలా జరిగింది? ఆమె చంటిబిడ్డ ప్రాణం పోవడానికి కారణమైనవాళ్ళు ఆ చావును తీసుకువచ్చి ఆమె చనుబాలకు అంటగట్టారు. ప్రశ్న ఇంత సూటిగా ఉండాలి, జవాబూ అంతే సూటిగా ఉండాలి, మధ్యలో నసుగుడు పనికిరాదు అని కాన్వెంటు బోర్డింగులో సిస్టర్ ఫిలోమినా మాకు జ్ఞానోపదేశం క్లాసులో నేర్పింది, చేతులు కట్టుకొని నిలబడి చెప్పమంది, ఆ అలవాటు నన్ను ఇంతవరకూ విడిచిపెట్టలేదు. ఇప్పుడు వనపర్తిలో నా కొడుకు ఇంటి ముందుగదిలో, మిట్టమధ్యాహ్నం, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా గోడవారకు కుర్చీ జరుపుకొని, నా మునిమనవరాలిని ఎడమ భుజానికి ఆనించుకొని, దాని వీపు మీద అరచేతిని ఆడిస్తూ, మనసులో మళ్ళీ అదే ప్రశ్న అడుగుతున్నాను, మళ్ళీ అదే జవాబు చెప్పుకుంటున్నాను. పాలు తాగింది. కడుపు నిండింది. పాలతో పాటు మింగిన గాలి మాత్రం లోపలే చిక్కుకుంది. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటుంది, పిడికిళ్ళు బిగిస్తుంది, ముఖం కందిపోతుంది, ఆ చిన్న పొట్ట కాచిన డప్పులా బిగిసి నా రొమ్ముకు తగులుతోంది. త్రేన్పు రావాలి. వచ్చేదాకా దించకూడదు. ఎదురుగా మంచం మీద నా మనవడి భార్య పూజ, నెత్తికి గుడ్డ, చెవుల్లో దూది, ఒళ్ళో రెండవ పిల్ల. ఇంకా పేర్లు పెట్టలేదు కనుక నా భుజం మీదున్నది పెద్దది, దాని ఒళ్ళో ఉన్నది చిన్నది. చిన్నదీ ఏడుస్తోంది. రెండు ఏడుపులూ ఒకేసారి రావు. ఒకటి ఊపిరి పీల్చుకునే సందులో రెండవది అందుకుంటుంది, ఇద్దరు కూలీలు ఒకే దుంగను రంపంతో కోస్తున్నట్టు.

“అత్తమ్మా, నువ్వెంతసేపు గట్ల తట్టినా అది పోదు. పూజ పాలల్లనే గాలి ఉన్నది” అంటుంది వంటింట్లోంచి నా కోడలు ప్రేమలత. “మా నాగర్‌కర్నూల్ల గిట్లనే ఒకామెకయింది. డబ్బపాలు పట్టినంక నిమ్మలపడ్డరు పిల్లలు. నేను డబ్బ తెప్పించి పెట్టిన. పొద్దుమీకి కలిపి పడ్త.”

“ఆ మాట ఈ ఇంట్లో అనవద్దని చెప్పాను.”

“అనకుంటె ఏడుపాగుతదా? అయితె ఆపి సూపియ్యి, టీచరమ్మా!”

కోపం వచ్చినప్పుడు అత్తమ్మ పోయి టీచరమ్మ వస్తుంది దాని నోట. మనిషి చెడ్డది కాదు. భయపడుతోంది. రాత్రుళ్ళు నిద్ర లేక కళ్ళ కింద నల్లబడి, పసుపు కలిపిన ఆముదం వెచ్చచేసి పిల్లల పొట్టలకు రాసి, తమలపాకు కాచి వేసి, ఇంగువ రంగరించి బొడ్డు చుట్టూ పూసి, ఏదీ పనిచేయకపోతే చివరికి పాలను పట్టుకుంది. మన తెలుగులోనే ఉంది చిక్కు. పొట్టలో చేరేదీ గాలే, దారిన పోతుంటే సోకేదీ గాలే. ఒకదానికి వీపు తట్టాలి, ఇంకొకదానికి దిష్టి తీయాలి. మాట ఒక్కటే కావడం వల్ల ముందుదాని గురించి మొదలుపెట్టినవాళ్ళు తమకు తెలియకుండానే రెండవదాని గురించి మాట్లాడుతూ ముగిస్తారు, మధ్యలో ఎక్కడ దారి తప్పిందీ ఎవరూ చూడరు, చూసేలోగా ఒక ఆడది నిందితురాలై కూర్చుని ఉంటుంది. పాలల్లో గాలి. గాలిపాలు. ఈ మాటను నేను పుట్టిన నెలలోనే విన్నాను, అర్థం తెలియకపోయినా విన్నాను, ఆ మాట నా ఉగ్గులో కలిసి నా ఒంట్లోకి వెళ్ళింది.

అరచేతిని కొంచెం బోర్లించి, కింది నుంచి పైకి, నడుము దగ్గర మొదలుపెట్టి మెడ దాకా, మళ్ళీ కింది నుంచి. గట్టిగా కాదు. పల్లికాయ మట్టి దులిపినట్టు. అమ్మ అలాగే దులిపేది. పల్లిచెట్టును పీకి, మట్టిని అరచేతికి కొట్టి, కాయలు తెంపి పక్కన వేస్తూ, ఆ పని చేతులు చేసుకుపోతుంటే నోరు నాకు కథ చెప్పేది. గోపాల్‌పేట దగ్గరి మా ఊళ్ళో హన్మంతు పటేలు చేలల్లో కలుపు తీసే రోజుల కథ. మునుం పట్టి వరసగా వంగిన ఆడవాళ్ళలో పాలిచ్చే తల్లి ఉంటే ఆమెకు పొద్దుట ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి విడుపు ఉండేది. పాలయాళ్ళ, అంటే పాలవేళ, అనేవారు దాన్ని. గడియారం లేదు. పటేలు గట్టు మీద నిలబడి చుట్ట ముట్టించేవాడు, చుట్ట ఆరిందంటే పాలయాళ్ళ అయిపోయినట్టు, తల్లి తిరిగి మునుంలోకి వంగాలి. అమ్మకు కవలలు పుట్టారు, ఒక ఆడ, ఒక మగ. ఆ ఆడపిల్లను నేను. పురిటి అలసట తీరకముందే పనిలోకి పిలిచారు, పోకపోతే మా నాయన జంగయ్యకు కూడా పని లేదన్నారు. అమ్మ తుమ్మకొమ్మకు చీరజోలె కట్టి ఇద్దరినీ అందులో పడుకోబెట్టుకుంది. “పటేలా, ఇద్దరున్నరు, జర యాళ్ళెక్కువియ్యి” అని అడిగింది. ఆయన నవ్వాడట. “కాన్పులెన్నే? ఒక్కటే గద. కాన్పుకొక్క యాళ్ళ” అన్నాడట. మునుంలో ఉన్నవాళ్ళూ నవ్వారట. పటేలు నవ్వినప్పుడు నవ్వకపోతే ఆయన గుర్తుపెట్టుకుంటాడు మరి. ఆ మాట ఊరికి చట్టమయింది. కోళ్ళకు గింజలు వేసేటప్పుడు కూడా పిల్లల్ని లెక్కపెడతారు. మా అమ్మ దగ్గర కాన్పును లెక్కపెట్టారు.

రావడం లేదు. ముఖం పక్కకు తిప్పి నా మెడలో చొరబడుతోంది, ఏడుపు తడి నా చెవి కిందికి కారుతోంది. కుర్చీలోంచి లేస్తాను. మోకాళ్ళు వద్దంటాయి, వాటి మాట వినను. దాన్ని ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకొని, తల మోచేతి మడతలో, కాళ్ళు అటూ ఇటూ వేలాడేటట్టు, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తాను. ఇది కాన్వెంటులో నేర్చుకున్న పట్టు. అమ్మ నన్ను బోర్డింగులో చేర్చినప్పుడు చెప్పిన కారణం చదువు కాదు. “ఆడ నిన్ను గాలిపాలు తాగిన పిల్ల అనెటోళ్ళు ఉండరు బిడ్డా” అంది, అంతే. అక్కడ అనాథ శిశువుల గది ఒకటి ఉండేది, పెద్ద పిల్లలం వంతులవారీగా అందులో పనిచేసేవాళ్ళం. సిస్టర్ ఫిలోమినా నా భుజం మీద ఒక పసివాణ్ణి వేసి, వీడు త్రేన్చేదాకా నీకు వేరే పని లేదు, గంట కొట్టినా కదలకు, ప్రార్థనకు పిలిచినా కదలకు, దేవుడు ఆగుతాడు, వీడు ఆగలేడు అంది. ఎందుకు అని అడిగాను. చెప్పింది. పాలు తాగించి వెంటనే పడుకోబెడితే గాలి పైకి వస్తూ పాలను కూడా తెస్తుందనీ, ఆ పాలు దారి తప్పి ఊపిరిలోకి పోతే ప్రాణానికే ముప్పు రావచ్చుననీ చాలా మామూలుగా చెప్పింది, నా వీపు మీదుగా చేయి చాచి దుప్పటి మడత సరిచేస్తూ చెప్పింది. ఆ పసివాడు నా భుజం మీద త్రేన్చాడు. నాతో పుట్టినవాడు ఎందుకు పోయాడో నాకు అప్పుడు తెలిసింది. గాలి వల్ల కాదు, పాల వల్ల కాదు, తల్లి వల్ల కాదు. భుజం మీద ఉంచుకోవడానికి వ్యవధి ఇవ్వకపోవడం వల్ల.

ఆ రోజు చేలో అమ్మ ఇద్దరికీ రెండు వైపులా ఒకేసారి పాలిచ్చింది. ఇవ్వడం ఇద్దరికీ ఒకేసారి కుదిరింది. తట్టడం ఒక్కరికే కుదిరింది. ఏడుపు ఎక్కువగా ఉన్నదాన్ని ముందు భుజాన వేసుకుంది, అది నేను. నాకు త్రేన్పు వచ్చింది. అప్పటికి చుట్ట ఆరింది. “ఏమే జముల్మా, యాళ్ళయింది” అని గట్టు మీది నుంచి కేక వచ్చింది. వాణ్ణి అలాగే జోలెలో పడుకోబెట్టి మునుంలోకి పరుగెత్తింది. పటేలు ఇంటి నుంచి కూలీలకు అంబలి తెచ్చేవారు. ఆ సీజన్‌లో కొత్తగా కాపురానికి వచ్చిన చిన్నకోడలు జానకమ్మ తెచ్చేది, మావాళ్ళ దోసిళ్ళకు తన చేయి తగలకుండా ఎత్తు నుంచి పోసేది. అంబలి తాగడానికి లేచినప్పుడు అమ్మ జోలె దగ్గరికి వెళ్ళింది. అరిచింది. అందరూ మూగారు. పటేలు వచ్చి చూశాడు. ఆయన ముఖం మారింది, ఇద్దరున్నరని ఆడది అడిగింది, ఇవ్వలేదు, అందరూ విన్నారు, ఇప్పుడు అందరూ ఆయన వైపు చూస్తున్నారు. అప్పుడు ఆ కొత్త కోడలు, అంబలి కుండ చేతిలోనే ఉంది, “దాని పాలల్ల గాలి ఉన్నదేమో, మామా” అంది. అంతే. ఆయన ఆ మాటను పట్టుకున్నాడు, మునిగేవాడు గడ్డిపోచను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. “ఔ, గాలిపాలే” అన్నాడు. మునుం తలూపింది. అప్పటి నుంచి మా అమ్మ గాలిపాలది. పిల్లల తల్లులు ఆమె నీడ పడకుండా కొంగు కప్పుకొనేవారు, ఆమె పక్క మునుం పట్టేవారు కాదు. పాలివ్వడానికి నన్ను ఒళ్ళోకి తీసుకుంటే ఆమె అత్తే వచ్చి లాక్కుపోయేది. గాలిపాలు అంటే వృథా కావడం కూడా కదా మన భాషలో, వట్టిపోవడం. ఒక మనిషి బతుకంతా అలా పోయింది.

“అవ్వా” అంటుంది పూజ మెల్లగా. “నిజం జెప్పు. నా పాలల్ల ఏమన్న ఉన్నదా?”

“ఉన్నాయి. పాలు ఉన్నాయి.”

నవ్వబోయింది, పెదవులు పొడిబారి పగిలి నవ్వడానికి రాలేదు. నీళ్ళు తాగనివ్వడం లేదు దాన్ని. పచ్చి బాలింత నీళ్ళు తాగితే పిల్లల పొట్టల్లో నీరు చేరుతుందట, కూర తింటే వాయువట, పప్పు తింటే మరీ వాయువట. ఎల్లిపాయ కారం, కాయం ముద్ద, ఎర్రగా వేయించిన బియ్యపన్నం, పొద్దుటా అదే, మాపటికీ అదే. ఇద్దరు పిల్లలు దాని ఒంట్లోని తడినంతా లాక్కుంటుంటే పైనుంచి చుక్క పోయనివ్వరు, చివరికి పాలు తగ్గితే చూశారా అంటారు. నా చెంబు అందించాను. గటగటా తాగింది. వంటింటి గుమ్మంలో నిలబడి ప్రేమలత చూసింది.

“యేసయ్యా! పచ్చి బాలింతకు నీళ్ళిస్తున్నవా? రేపు పిల్లలకేమన్న అయితె ఎవరిది బాధ్యత?”

“నాది” అన్నాను. “నీ కడుపుమంటకు కూడా నాదే. పప్పు వండు, ప్రేమలతా, మనుషులు తినే పప్పు.”

దాని ముఖంలో కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి, కొంగుతో మూతి తుడుచుకొని లోపలికి వెళ్ళింది. డబ్బా మూత చప్పుడు వినిపిస్తోందేమోనని చెవి రిక్కిస్తాను. లేదు, గిన్నెల చప్పుడే. సాయంత్రం దాకా గడువు ఉంది. సాయంత్రానికి ఈ పిల్లల ఏడుపు ఆగకపోతే డబ్బా తెరుస్తారు, తెరిచిన తరువాత పిల్లలు నిద్రపోతే అది రుజువైపోతుంది, నిద్రపోకపోతే ఇంకా పెద్ద గాలి అవుతుంది, ఎటు చూసినా పూజే దోషి. న్యాయస్థానం ఇలా ఉంటే నిర్దోషి ఎలా బయటపడాలి? మా అమ్మకు జరిగిందే దీనికీ జరుగుతుంది, అదీ నా కళ్ళ ముందు, నా ఇంట్లో, నా కోడలి నోట. జరగనివ్వను. ముసలిదాన్ని, మోకాళ్ళు లేవు, అయినా జరగనివ్వను.

ఇంకొక సంగతి పూజకు నేను చెప్పలేదు. ఆ హన్మంతు పటేలు దాని ముత్తాత. ఆ అంబలి కుండ పట్టుకొని నిలబడిన కొత్త కోడలు దాని నాయినమ్మ. నా మనవడు ఉదయ్ కిరణ్, ఈ పిల్ల, ఒకే ఊరి బస్సులో వనపర్తి కాలేజీకి వచ్చారు, ఆ బస్సులోనే మాటలు కలిశాయి, పెళ్ళి చేసుకుంటామన్న రోజున దాని తండ్రి రాఘవేందర్ ఇంటి గేటు మూసేశాడు. ఉదయ్ నా దగ్గరికి వచ్చి పిల్ల ఇంటిపేరు చెప్పినప్పుడు దాన్ని మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాను. తరువాత తీసుకురా అన్నాను. ముత్తాత నేరాన్ని మునిమనవరాలి నెత్తిన పెడితే వాళ్ళకూ నాకూ తేడా ఏముంటుంది? ఈ ఇంటికి వచ్చిన పిల్ల ఈ ఇంటి పిల్ల. నా లెక్క ఆ ముసలామెతో. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి వాళ్ళ గడప దాకా వెళ్ళాను, పట్టుచీర కాదు కాని ఇస్త్రీ చీర కట్టుకొని వెళ్ళాను, మా అమ్మ మీద వేసిన ఆ మాట వెనక్కి తీసుకోండి అని అడిగాను. పటేలు అప్పటికి మంచం పట్టాడు, అరుగు మీదే పడుకొని ఉన్నాడు. “ఎప్పటి ముచ్చటనో తవ్వుతవేంది పంతులమ్మా, సచ్చినోడు సచ్చిండు” అన్నాడు. తలుపు వెనుక గాజుల చప్పుడయింది. ఆమె అక్కడే ఉంది. విన్నది. బయటికి వస్తుందని నిలబడ్డాను, ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా నిలబడ్డాను, రాలేదు. చేయకూడనిది చేయడమే కాదు, చేయవలసినది చేయకపోవడమూ పాపమే అని సిస్టర్ నేర్పింది. అమ్మ ఆ తరువాత ఎన్నో ఏళ్ళు బతికింది, చివరిదాకా ఏ పసిపిల్లనూ చేతుల్లోకి తీసుకోలేదు; నా కొడుకు జోసెఫ్ పుట్టినప్పుడు కూడా దూరం నుంచే చూసి, చేతులు వీపు వెనుక పెట్టుకొని నిలబడింది. ఆ చేతులను నేను మరచిపోలేదు.

ఈ పొద్దున ఫోన్ వచ్చింది. నాయినమ్మ పిల్లల్ని చూడాలని పట్టుబట్టింది, అన్నం మానేసింది, నాయన కారులో తీసుకొస్తున్నాడు, కాని లోపలికి రాడట అని పూజ చెప్పింది, ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. సరే రానీ అన్నాను. అందుకే ఈ మధ్యాహ్నమంతా నా చెవి ఒకటి పిల్ల ఊపిరి మీదా ఇంకొకటి వీధి మీదా ఉన్నాయి. ఇదిగో, టైర్ల కింద కంకర నలిగింది. కారు తలుపు తెరుచుకుంది. కర్ర చప్పుడు. ప్రేమలత పైట సర్దుకుంటూ ఎదురు వెళ్ళింది. గడప దగ్గర కర్ర ఒక్క క్షణం ఆగింది, ఆ ఇంటి ఆడవాళ్ళు మా గడప ఏనాడూ దాటలేదు, తరువాత ఆ ముసలి పాదం పైకి లేచి లోపల పడింది. చిన్నదైపోయింది మనిషి. తొంభైకి దగ్గరగా ఉంటుంది. చంకలో ఉతికి మెత్తబడిన పాత నూలు చీరల మూట, పిల్లలకు బట్టలుగా. నన్ను చూసింది. గుర్తుపట్టింది. చూపు పక్కకు తిప్పుకొని కుర్చీలో కూర్చుంది.

“మంచిగున్నవా బిడ్డా” అంది పూజతో. పూజ తలూపింది, కళ్ళు తుడుచుకుంది. అప్పుడే చిన్నది ఒళ్ళంతా విల్లులా వంచి కీచుమని ఏడ్చింది. ముసలామె ముందుకు వంగి చూసి, ఏళ్ళ తరబడి నాలుక మీద తయారుగా ఉన్న మాటను అలవాటుగా వదిలింది.

“పాలల్ల గాలి ఉన్నట్టున్నదే.”

“నేనూ అదే అంటున్న, పెద్దమ్మా!” అంది ప్రేమలత. “ఈ ఇంట్ల నా మాట వినెటోళ్ళెవరు?”

పూజ ముఖం చూశాను. కొంగును రొమ్ము మీదికి లాక్కుంది, ఏదో మురికిని కప్పుకుంటున్నట్టు. ఆ కదలిక నేను ఎరుగుదును. అదే కదలిక. ఏళ్ళు గడిచాయి, చేలు అమ్ముడుపోయాయి, పటేళ్ళు పోయారు, రోడ్లు పడ్డాయి, మాట మాత్రం అదే నోట్లో చెక్కుచెదరకుండా ఉంది, ఇప్పుడు తన సొంత రక్తం మీదే పడింది. అరవవచ్చు. అరవడానికి నాకు హక్కు ఉంది, గొంతూ ఉంది, క్లాసు మొత్తాన్ని నిలబెట్టిన గొంతు. అరవలేదు. ముంజేతి మీద ఉన్న పెద్దదాన్ని ఎత్తి, నేరుగా తీసుకువెళ్ళి, ఆ ముసలి భుజం మీద వేశాను.

“పట్టుకోండి, జానకమ్మ గారూ. త్రేన్పు వచ్చేదాకా పట్టుకోండి.”

“నాకేడ చేతనైతది? చేతులు వణుకుతున్నయి.”

“చేతనవుతుంది. దీనికి బలం అక్కరలేదు. వ్యవధి కావాలి.”

ఆ చేయి పిల్ల వీపు మీద పడింది. మొదట తగిలీ తగలనట్టు, ఎప్పుడో మా దోసిళ్ళ మీద ఆగినంత ఎత్తున ఆగి, తరువాత పూర్తిగా ఆనింది. తడుతోంది. నేను పక్కనే నిలబడ్డాను. చిన్నదాన్ని నేను తీసుకొని భుజాన వేసుకున్నాను. అప్పుడు బయట హారన్ మోగింది. ఒకసారి. కొంచెం ఆగి రెండవసారి, పొడుగ్గా.

“అమ్మా! యాళ్ళయింది, దా!” రాఘవేందర్ గొంతు, కారు కిటికీలోంచి.

ముసలామె ఉలిక్కిపడింది. కేక వస్తే లేవడం ఆ ఇంటి ఆడవాళ్ళకూ అలవాటే కాబోలు. మామ కేక, మొగుడి కేక, ఇప్పుడు కొడుకు కేక. పిల్ల ఇంకా త్రేన్చలేదు, మోకాళ్ళు ముడుచుకొనే ఉంది, అయినా ఆమె దాన్ని భుజం మీది నుంచి దించి మంచం మీద పడుకోబెట్టడానికి వంగింది.

“దించవద్దు” అన్నాను. అప్పుడు నా నోట కాన్వెంటు తెలుగు రాలేదు. బోర్డింగులో కడిగేశారనుకున్న మా అమ్మ భాష, దాని యాసతో సహా, పల్లిచేను మట్టితో సహా వచ్చింది. “కాన్పుకొక్క యాళ్ళనేనా, జానకమ్మా?”

వంగినది వంగినట్టే ఆగిపోయింది. నా ముఖం చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు. ఆమె కళ్ళల్లో ఏముందో చదవడానికి నేను ప్రయత్నించలేదు, నాకు కావలసింది కళ్ళు కాదు. హారన్ మళ్ళీ మోగింది. ఆమె మెల్లగా వెనక్కి వాలి, పిల్లను మళ్ళీ భుజానికెత్తుకొని, ఆ ఎండిన గొంతులో అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో, వీధి దాకా వినిపించేటట్టు అరిచింది.

“హారనెందుకు కొడ్తవురా! పిల్ల ఇంక తేన్సలే. యాళ్ళయితె కానీ!”

హారన్ ఆగిపోయింది. తట్టింది. ఇంకా తట్టింది. చేయి నొప్పి పుట్టి ఉంటుంది, మార్చుకొని తట్టింది. అప్పుడు వచ్చింది త్రేన్పు, అంత చిన్న ఒంట్లోంచి ఎద్దు రంకెంత, వెంట విరిగిన పాలు ఆమె భుజం మీదుగా జాకెట్టులోకి కారాయి. పెద్దది ఒళ్ళు వదిలేసి, పిడికిళ్ళు విప్పి, ఏడుపును మధ్యలోనే మరచిపోయింది. గదిలో సగం నిశ్శబ్దం వచ్చింది. ముసలామె భుజం తుడుచుకోలేదు. ఆ తల వెంట్రుకల మీద గడ్డం ఆనించి, నేల వైపు చూస్తూ మాట్లాడింది.

“ఆ పొద్దు ఆ మాట అన్నది నేనే. మా మామ మొకం జూసిన. భయమై అన్న. జముల్మ పాలల్ల గాలి లేకుండె.”

“వినపడలేదు” అన్నాను. “వంటింట్లోకి వినపడాలి. కారు దాకా వినపడాలి.”

ప్రేమలత “అత్తమ్మా!” అంది, ఇక చాలన్నట్టు. చాలదు. ఆ మాట ఊరంతటి ముందర అన్నారు, గుసగుసగా వెనక్కి తీసుకుంటే చెల్లదు. జానకమ్మ తల ఎత్తింది. నేలను కాదు, నన్ను చూస్తూ చెప్పింది, ఒక్కొక్క మాటా విడివిడిగా.

“జముల్మ పాలల్ల గాలి లేకుండె! మేము యాళ్ళియ్యలే. ఇద్దరున్నరని అడిగింది, మేము ఇయ్యలే. పిల్లగాడు గందుకు పోయిండు.” తరువాత పూజ వైపు తిరిగింది. “నీ పాలల్ల గూడ ఏం లేదు బిడ్డా. నా నోరు మంచిది గాదు.”

పూజ కొంగు వదిలేసింది. దానికి అంతా అర్థమయిందో లేదో, అర్థం కావలసినంత అయింది. నాయినమ్మను చూసింది, నన్ను చూసింది, ముఖం చేతుల్లో దాచుకోకుండా ఏడ్చింది. ప్రేమలత గుమ్మం వదిలి వీధిలోకి వెళ్ళింది. “అన్నా, లోపటికి రాండ్రి. ఇప్పట్ల గాదు” అనడం వినిపించింది. నేను చిన్నదాన్ని తడుతూనే ఉన్నాను. గెలిచినట్టు లేదు నాకు. సగమే వచ్చింది. మా అమ్మ అడిగినది ఒక్కరి వ్యవధి కాదు, ఇద్దరిది. సగం తీసుకొని సరిపెట్టుకోవడం నాకు ఎవరూ నేర్పలేదు, నేర్పినా నేర్చుకొనేదాన్ని కాదు. అడగడానికి నోరు తెరిచాను.

అడగవలసిన అవసరం రాలేదు. నిద్రపోతున్న పెద్దదాన్ని పూజ ఒడిలో మెల్లగా జార్చి, ఆ ముసలామె తన రెండు చేతులూ నా వైపు చాచింది.

“ఆ రెండోదాన్ని గూడ ఇయ్యి. ఇద్దరు గద.”

ఇచ్చాను. తీసుకుంది. మెడ దగ్గర సరిగ్గా ఆనించుకుంది, ఈసారి నేను చూపించనక్కరలేదు. చిన్నది మొండిది, తొందరగా లొంగదు. ఏడ్చింది, తన్నింది, ఆ ముసలి మెడను గోళ్ళతో గీరింది. రాఘవేందర్ వచ్చి గడప అవతల చెప్పులు విప్పి నిలబడ్డాడు, లోపలికి రావాలో వద్దో తెలియని పెద్దమనిషి, చేతిలో కారు తాళాలు. తల్లి అతని వైపు చూడలేదు. తడుతూనే ఉంది. కిటికీలోంచి పడుతున్న ఎండ మంచం కోళ్ళ దాకా వచ్చింది, అక్కడి నుంచి గోడ ఎక్కింది. ఎవరూ యాళ్ళయిందనలేదు. నేను నిలబడే ఉన్నాను, మా అమ్మ తరఫున నిలబడ్డాను, అన్ని వేళ్ళూ చూశాను, ఒక్కటి కూడా ఎత్తున ఆగడం లేదు. చిన్నది ఒక్కసారి బిగుసుకొని, పెద్దదాని కంటే గట్టిగా త్రేన్చింది. ఆ చేతులు ఆ తరువాత కూడా దాన్ని దించలేదు.

ముట్టింది, అమ్మా. నీకు రావలసినది పూర్తిగా ముట్టింది.